బుల్లమ్మ వాంగ్మూలం

ముప్పై ఏళ్ళు ఆరోగ్యమేరి అనకాపల్లిలో ఒకే ప్లీడరు గారి దగ్గర టైపిస్టుగా పనిచేసింది. ఆయన పోయిన రెండో నెలలో కొడుకు ఆఫీసు ఖాళీ చేయిస్తూ, కాగితాల కట్టలన్నీ పాతసామాన్లవాడికి ఇచ్చేయమన్నాడు. ఆరోగ్యమేరి అడ్డుపడి, వాటిని మూడు రిక్షాల్లో తన రెండు గదుల ఇంటికి తెచ్చుకుంది. అది 2003.

పెళ్ళి చేసుకోలేదు, తల్లి పోయాక ఇంట్లో ఆమె ఒక్కతే. కట్టలు రాకముందు చర్చి ఆడవాళ్ళు ప్రార్థనకి వస్తూండేవారు. కట్టల మధ్య కూర్చోడానికి చోటు లేక మానేశారు. ఆవిడ మాత్రం పొలం తగాదాలూ, బెల్లం వర్తకుల ఒప్పందాలూ, వీలునామాలూ ఊరి వారీగా విడదీసి నోటుబుక్కులో ఎక్కించుకుంటూ వచ్చింది. ఎవరికైనా పనికొస్తాయని రెండు లైబ్రరీలకు ఉత్తరాలు రాసింది. జవాబు రాలేదు.

రెండేళ్ళకి ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. ముప్పై దాటిన మనిషి, చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడింది.

"అమ్మగోరూ, నా పేరు దేముడమ్మండి. కొండకర్ల మాది. పాత కాయితాలు మీకాడున్నాయని కోర్టుకాడ టీకొట్టాయన సెప్పేడు. మాయమ్మ బుల్లమ్మ మా ఊరి ఆవ సెరువు కేసులో సాచ్చికం సెప్పిందంట. నాకు మూడేళ్ళప్పుడే పోయింది. ఫొటో కూడా లేదండి."

కొండకర్ల కట్ట దొరకడానికి పది నిమిషాలు పట్టలేదు. 1974. రెండు పేజీలు, కింద వేలిముద్ర. ఆరోగ్యమేరి చదివింది.

"నా పేరు బుల్లమ్మ. వయసు ఇరవై రెండు. ఆవలో చేపలు పట్టి బతుకుతాను. దోనె దిగమని ప్రతివాది గద్దించాడు. నేను దిగలేదు. నా బిడ్డ కూడా దోనెలోనే ఉంది."

దేముడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి అడిగింది: "ఇది మీరే కొట్టేరా?"

"నేనే."

"అయితే మాయమ్మ మీ ఎదరే కూకుంది గదా! ఎలాగుండేదండి? నాలాగుండేదా?"

ఆరోగ్యమేరి ఎంత వెతుక్కున్నా ఏమీ తట్టలేదు. నీలాగే ఉండేదని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేకపోయింది.

"గుర్తులేదమ్మా. రోజూ ఎంతోమంది వచ్చేవారు. నేను కాగితమే చూసేను, మనిషిని చూళ్ళేదు."

దేముడమ్మ కాగితం కింది వేలిముద్ర మీద వేలు పెట్టింది.

"పోన్లెండి. ఇంకోపాలి సదవండి."

నాలుగుసార్లు చదివించుకుంది. కాగితం తీసుకెళ్ళమంటే ఒప్పుకోలేదు. "వానొత్తే మాయిల్లు కారిపోద్దండి. మీకాడే ఉండనీండి." బజారులో జిరాక్సు తీయించుకుని బస్సెక్కి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆరోగ్యమేరి నోటుబుక్కులో ప్రతి పేజీ అంచునా నిలువుగా ఒక కొత్త గడి గీసి, పైన 'చూసినవారు' అని రాసింది. ఒక్క వరసలో దేముడమ్మ పేరు పడింది. మిగతా పేజీలన్నిట్లో ఆ గడి ఖాళీ.

మర్నాడు ఎస్. రాయవరం కట్ట విప్పింది. ప్రతి పేరు దగ్గరా ఆగి, కళ్ళు మూసుకుని, ఆ మనిషి ముఖం ఎలా ఉండేదో తలుచుకోబోయింది. పొద్దు వాలేదాకా కూర్చుంది. ఒక్కరూ గుర్తుకు రాలేదు.