పొడి గాలి, నలభై అయిదు శాతం

ఆ గ్రాముల అంకె తీసేయమన్నది నేనే. ఇంకెవరి మీదకీ నెట్టను.

మా ఆఫీసు చేసేది వాతావరణం చెప్పే యాప్. మొదటి పేజీలో తేమ రెండు రకాలుగా కనిపించేది. శాతం ఒకటి, గాలిలో నిజంగా ఎన్ని గ్రాముల నీరుందో ఒకటి. "గ్రాములేంటండీ, ఉల్లిపాయలు తూస్తున్నామా?" అని మీటింగులో నేనే ఎకసెక్కాలాడాను. అందరూ పగలబడి నవ్వారు. గ్రాములు లోపలి పేజీకి పోయాయి. శాతం యాభై లోపుంటే పక్కన ఆకుపచ్చ చుక్క, "పొడి గాలి" అన్న మాట. ఆ మాట కూడా నా తెలివే, తగలెయ్య!

మా తమ్ముడు పెయింటరు. ఇనప ట్యాంకుల్లోకి దిగి లోపల రంగు కొడతాడు. తేమ ఎనభై అయిదు శాతం దాటితే ఇనుముకి రంగు సరిగ్గా పట్టదు, అందుకని వాళ్ళు యాప్ చూడకుండా బ్రష్ ముట్టుకోరు. ఇవాళ మధ్యాహ్నం రెండింటికి వాడి దగ్గర్నుంచి మెసేజ్: "పొద్దున తొంభై ఉందక్కా, మేస్త్రీ కూర్చోబెట్టేశాడు. ఇప్పుడు నలభై అయిదే. పొడి గాలి కదా, మధ్యలో పైకి రాకుండా ఒక్క ఊపులో కానిచ్చేస్తా."

నవ్వుకుంటూ ఫోన్ పక్కన పెట్టబోయి, ఎందుకో లోపలి పేజీ తెరిచాను. పొద్దున ఇరవై ఏడు డిగ్రీలు, ఘనమీటరు గాలిలో ఇరవై మూడు గ్రాముల నీరు. ఇప్పుడు నలభై డిగ్రీలు, అదే ఇరవై మూడు గ్రాములు. చెంబు నిండా ఉన్న నీళ్ళు బిందెలో పోస్తే సగానిక్కూడా రావు, నీళ్ళు మాత్రం అవే. ఎండకి గాలి బిందె అయింది, శాతం పడిపోయింది, అంతే. తేమ ఎక్కడికీ పోలేదు. ఆ ఎండకి ఇంత తేమ తోడైతే ఒంటి మీద చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందులోనూ ఇనప ట్యాంకు!

ఫోన్ చేశాను. మోగుతూనే ఉంది. రంగు ఆవిరికి నిప్పురవ్వ తగలకూడదని వాళ్ళు ఫోన్లు బయటే పెట్టి దిగుతారు. మేస్త్రీ నంబరు నా దగ్గర లేదు. ఏం అక్కనో నేను! టాక్సీ ఎక్కి "త్వరగా పోనీ బాబూ" అని డ్రైవరు ప్రాణం తీశాను. తమ్ముడు ట్యాంకులోకి దిగి పావుగంటయిందా, అరగంటయిందా?

ట్యాంకు పైన, మూత పక్కనే, మేస్త్రీ గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. నిచ్చెన ఎక్కుతూనే అరిచాను, "మా తమ్ముణ్ణి పైకి తియ్యండి!"

"కంగారు పడకండమ్మా" అంటూ తన ఫోన్ చూపించాడు. ఆకుపచ్చ చుక్క. "గాలి పొడిగా ఉంది, చూడండి. మా అందరి ఫోన్లలో ఇది ఎక్కించింది మీ తమ్ముడే. మా అక్క చేసిందని ఒకటే గొప్పలు."

వంగి పిలిచాను. పలకలేదు. బ్రష్ చప్పుడు కూడా లేదు. మేస్త్రీ గొడుగు పడేసి లేచాడు. "వాడి నడుముకి కట్టిన తాడు లాగండ్రా!" అని పనివాళ్ళకి కేక పెట్టాడు.

నీడకి దించి నీళ్ళు గుమ్మరించాం. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నారు. వీడు నాకు దక్కుతాడా అని చచ్చేంత భయం. "ఒరేయ్, నేనురా, ఇటు చూడరా" అని చెంపలు తట్టాను.

కళ్ళు తెరిచాడు. నా మొహంలోకే చూశాడు, ఎవరో పరాయి మనిషిని చూసినట్టు.

"మా అక్కకి మాత్రం చెప్పకండి మేడమ్, భయపడుతుంది" అన్నాడు.