ఎదురు చుట్టిన కండెలు

కూతురు ఈరమ్మ పోయేనాటికి రామలింగప్ప మగ్గం మీద చీర సగంలోనే ఆగి ఉంది. ఏడేళ్ల పిల్ల. ఒళ్లంతా పోసిన అమ్మవారు కళ్లను కూడా వదల్లేదు.

అమ్మవారు ఇంట్లో ఉన్నన్నాళ్లు మగ్గం చప్పుడు కాకూడదు, బిడ్డల ఒంటికి ఇనుము, సూది మొనైనా సరే, తగలకూడదు. అది ఆ ఇంటి కట్టు. గడప మీద వేపాకు నీళ్లు పోసి తల్లిని సాగనంపితేనే ఆ కట్టు వీడుతుంది. పోయాల్సింది తండ్రి. రామలింగప్ప రేపు, ఎల్లుండి అంటూ దాటేస్తున్నాడు.

దానికి కారణం కండెలు. ఈరమ్మది ఎడమచేతి వాటం. రాట్నం మీద ఆ పిల్ల చుట్టిన కండెకు దారం ఎదురు తిరిగి ఉండేది. ఎన్నిసార్లు కసిరినా మారలేదు. ఇప్పుడు తెల్లవారి లేచి చూస్తే బుట్టలో కొత్త కండెలు ఉంటున్నాయి. భార్య మల్లక్క దిగులు పట్టలేక చుడుతోందేమోనని అతడు వాటిని ముట్టుకోలేదు; మగ్గం మొదలైతే అవి వాడాల్సి వస్తుందని నీళ్లూ పోయలేదు.

కోడుమూరుకు టీకాలు వేసే దాసన్న మళ్లీ వచ్చాడు. నిరుడు అతడు వచ్చినప్పుడు, తల్లికి కోపం వస్తుందని రామలింగప్ప ఈరమ్మను నూలు మూటల వెనక దాచాడు. ఈసారి మల్లక్క చంటిది గంగిని చంకనేసుకుని తానే గడప దాకా వచ్చింది.

"ఒకదాన్ని దాచి పోగొట్టుకుంటిమి. నీళ్లు పోసెయ్ మామా. దీనికన్నా టీకా ఏపిద్దాం."

అరుగు మీద పెట్టె దించి దాసన్న నవ్వాడు. "ఏమప్పా, నీ గడప దాటాలన్నా అమ్మవారి సెలవు కావాల్నా? అడిగి చెప్పు, ఈడే కూసుంటా."

రామలింగప్ప వేపాకు వేసిన చెంబు అందుకున్నాడు. గడప మీదికి వంచబోయి ఆగాడు.

"మల్లీ, ఆ కండెలు నువ్వే గదా చుడుతాండేది?"

"నువ్వనుకుంటి," అంది మల్లక్క.

గడప పక్కనున్న బుట్టలోంచి ఒక కండె తీసి వెలుగులో పెట్టి చూసింది. దారం ఎదురు తిరిగి ఉంది. ఇద్దరూ గడప దగ్గర ఉండగానే, మిట్టమధ్యాహ్నం, లోపల రాట్నం కిర్రుమని ఒక్క చుట్టు తిరిగింది. గంగి అటువైపు చేతులు చాచి, ఎత్తుకోమన్నట్టు నవ్వింది.

అమ్మవారిని సాగనంపితే, ఆ తల్లి వెంట ఇల్లు విడిచి వెళ్లేది ఎవరో ఇద్దరికీ తెలిసింది. మల్లక్క ఇక నీళ్ల మాట ఎత్తలేదు. రామలింగప్ప చెంబు కింద పెట్టాడు.

పొద్దు వాలేదాకా చూసి దాసన్న పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు.

గడప మీద నీళ్లు పోయలేదు. గంగికి టీకా వేయించలేదు.