గడప దగ్గరి తెల్లగీత

చుక్కాని పట్టడంలో లెన్ ట్రాంటర్‌కి ఆ కాలువ పొడుగునా పేరుంది. కట్టేసిన పడవల పక్కనుంచి అతను వెళ్తే లోపలివాళ్ల టీ తొణకదు. అలాంటి మనిషి నిన్న పొద్దున బార్లీ చేలో దిష్టిబొమ్మకి చెయ్యెత్తి, "ఏం బాబూ, ఎండ బాగుంది కదూ!" అని పలకరించాడు.

పడవ కప్పు మీద టమాటా కుండీలకి నీళ్లు పోస్తున్న అతని భార్య బెరిల్ పగలబడి నవ్వింది. లెన్ కూడా నవ్వేశాడు. నిజానికి అది అతనికి మనిషిలాగే కనబడింది. ఈ వేసవి మొదలైనప్పట్నుంచీ లోకమంతా మసకమసకగా ఉంది. ఆ సంగతి బెరిల్‌కి చెప్పలేదు. చెబితే వాళ్ల పడవ 'లార్క్‌స్పర్' చేజారిపోతుంది. ఇల్లమ్మి దాన్ని కొన్ననాడు ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు: నడపలేని రోజొస్తే మారుమాట లేకుండా అమ్మేసి ఒడ్డెక్కాలి.

ఒడ్డెక్కి ఏం చెయ్యాలి? జూలైలో కాలువ మీద తెల్లవారితే బాతుపిల్లలు గిన్నెలు కడిగే కిటికీ కిందికొచ్చి గోల పెడతాయి. లోపల బేకన్ వేగుతుంటుంది. గట్టు మీద నడిచేవాడు పడవని దాటి పోతాడు. పోనీ పాపం, వాడికేదో పనుంది. ఇంత గొప్ప బతుకు రాజులకి కూడా లేదని లెన్ నమ్మకం.

ఇవాళ వరసగా దిగుడు లాకులు: ఒక్కోదాంట్లో ముందూ వెనకా తలుపుల మధ్య పడవని నిలిపి, నీళ్లు వదిలి కిందికి దించాలి. కాలువ మీద ఆనవాయితీ ఏమిటంటే, మొగుడు చుక్కాని పట్టుకుని దర్జాగా నిలబడతాడు, పెళ్లాం ఒడ్డున పరుగెత్తి తూములు తిప్పి, బండలాంటి తలుపుల్ని నడుంతో తోస్తుంది. ఈ పద్ధతి పెట్టినవాడు కచ్చితంగా మొగుడే అయ్యుంటాడు.

లాకులో వెనక తలుపుల దగ్గర నీళ్లలో రాతి గడప ఒకటి దాగుంటుంది. దానికి గుర్తుగా ఒడ్డున తెల్లగీత ఉంటుంది. పడవ తోక ఆ గీత దాటి ముందుకు రావాలి. రాకపోతే నీళ్లు దిగేకొద్దీ తోక గడప మీద చిక్కుకుని, ముక్కు మునుగుతుంది.

రెండో లాకులో బెరిల్ ముందు తలుపుల తూము ఎత్తి, ఎప్పటిలాగే కేకేసింది. "ఇంకాస్త ముందుకి, లెన్!"

దిష్టిబొమ్మ ఉక్రోషం ఇంకా చల్లారలేదు. "గీత నాకు కనబడుతోందిలే, నీ పని చూసుకో!" అన్నాడు లెన్.

కనబడలేదు. నీళ్లు దిగాయి. చుక్కాని చేతిలో గిలగిల్లాడింది. కింద కీచుమని రాయి గీరుకుంది. పడవ ముక్కు వాలిపోతుంటే లోపల టీ కప్పులన్నీ ఒక్కసారిగా కిందపడ్డాయి.

బెరిల్ అప్పటికే ఆ తూము దించేసింది. స్కర్టు ఎత్తి పట్టుకుని వెనక తలుపుల దాకా పరుగెత్తి, అక్కడి తూము తిప్పింది. నీళ్లు హోరుమని లోపలికొచ్చి, లార్క్‌స్పర్ తోక మెల్లగా పైకి లేచింది. ఆ చేతుల బలం, ఆ నిబ్బరం ఇన్నేళ్లూ తను సరిగ్గా చూడనే లేదని లెన్‌కి అనిపించింది.

"అంత తొందరగా ఎలా కనిపెట్టావే?" అన్నాడు.

"మే నెల నుంచీ ప్రతి లాకులో నీ గీత నేనే చూస్తున్నాను, మహానుభావా. ముందుకి, ముందుకి అని ఊరికే అరుస్తున్నాననుకున్నావా?"

లెన్ తలొంచుకున్నాడు. "అయితే ఒట్టు ప్రకారం అమ్మేద్దాం."

"పడవ నడపలేకపోతే కదా అమ్మేది! నా చేతులకేమైంది? ఊరు చేరగానే నిన్ను కళ్ల డాక్టరుకి చూపిస్తా. ఈలోగా ఒడ్డెక్కు, ఆ తూము హ్యాండిల్ తీసుకో."

బెరిల్ మొదటిసారి చుక్కాని పట్టి, లాకు దాటాక కుడికి వెళ్లాలని దాన్ని కుడికే తోసింది. పడవ ఎడమకి తిరిగి రెల్లులోకి దూరింది. "అటు తోస్తే ఇటు పోతుందే!" అని ఒడ్డునుంచి అరిచాడు లెన్. "ముందే చెప్పి ఏడవచ్చుగా!" అంది బెరిల్.

తర్వాతి లాకులో తలుపు తోసేసరికి లెన్ నడుం విరిగినంత పనైంది. ఈ పని ఆమె ఇన్నేళ్లు చేసిందా! రొప్పుతూ వెళ్లి, వంగి, రాతికి మొహం దగ్గరగా పెట్టి గీత వెతుక్కున్నాడు. దాని మీద రెండు కాళ్లూ పెట్టి నిలబడ్డాడు.

"నన్ను దాటి ముందుకి రా, బెరిల్!"

లార్క్‌స్పర్ తోక అతని బూట్ల పక్కనుంచి, గోడకి తగలకుండా, ముందుకు జరిగింది. తోక మీద నిలబడ్డ మనిషి మొహం మసకగానే కనబడింది. నవ్వుతోందని మాత్రం తెలిసింది.

"దాటావు," అన్నాడు.