అరువు నిప్పు

మొగులయ్య పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఊదుతున్నాడు. కట్టెలు తడివి. పొగ తప్ప మంట రావడం లేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఊదాడు. ఎట్టకేలకు మంట అంటుకునేసరికి గుమ్మంలో దగ్గు వినిపించింది. పక్కింటి మహబూబ్ బీ, చేతిలో పగిలిన పెంకుతో నిలబడి ఉంది.

"జర నిప్పిస్తవా బేటా? మా పొయ్యి సల్లారింది."

"రోజు సల్లారుతదేంది ఖాలా, నీ పొయ్యి?"

"లడాయి దినాలాయె. అగ్గిపెట్టె యాడ దొరుకుతది?" ముసలమ్మ పొయ్యి మీది జొన్న గంజి కుండలోకి తొంగిచూసింది. "గట్కల ఉప్పేసినవా? నిన్న సప్పగుండె."

నిప్పు కణికలు పెంకులో పెట్టుకుని, నడుం పట్టుకుని వెళ్ళిపోయింది.

మొగులయ్య ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. లాల్‌దర్వాజలో పుట్టి పెరిగినా అతన్ని ఎరిగినవారు తక్కువే. యాభై దాటిన మనిషి. బస్తాలు మోసి మోసి మెడ వెనక కాయ కాసింది. ఎడమ భుజం కిందికి ఒరిగింది. మిరప ఘాటుకు కళ్ళు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి. నోరు విప్పితే సొమ్మేదో పోతుందన్నట్టు ఉంటాడు.

భార్య రాజమణి ప్లేగులో పోయింది. ఆమెను మట్టిచేసి వచ్చాక అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు. పనికి పోలేదు, పొయ్యి వెలిగించలేదు. చుట్టాలు వచ్చి ధైర్యం చెప్పారు, చెప్పినంత సేపూ ఉండి వెళ్ళిపోయారు. ఒక తెల్లవారుజామున, ఇక బతికింది చాలని అతను నిశ్చయించుకుని కూర్చున్నప్పుడు మహబూబ్ బీ తలుపు తోసుకొచ్చి నిప్పు అడిగింది. పొయ్యి వెలిగించి ఎన్నాళ్ళో అయిందన్నాడు. "అయితే ఇప్పుడు వెలిగియ్యి, నేను కూసుంట" అని గుమ్మంలో చతికిలబడింది. ఓదార్పు మాట ఒక్కటి కూడా అనలేదు.

అప్పటినుంచి రోజూ వస్తూనే ఉంది. ఆమె వస్తుంది కాబట్టి లేవాలి. పొయ్యి వెలిగింది కాబట్టి వండాలి, వండాడు కాబట్టి తినాలి. తిన్నవాడు ఇంట్లో ఊరికే కూర్చుంటే బాగోదు కాబట్టి పనికి పోవాలి.

ఒక వానాకాలం పొద్దున, ఆమె ఇక్కడ నిప్పు అడుగుతుండగానే ఆమె ఇంటి కప్పులోంచి పొగ లేవడం అతను చూశాడు. ఏమీ అనలేదు. అంటే రావడం మానేస్తుందేమోనని భయం. గోడవైపు తిరిగి పడుకున్న ఆ మనిషి తనలో ఇంకా పోలేదని అతనికి తెలుసు.

ఆమె గట్కలో ఉప్పు సంగతి అడిగి వెళ్ళిన రోజు గంజ్‌లో మిర్చి బండ్లు దిగాయి. చీకటి పడబోతుండగా, తుమ్ముకుంటూ గల్లీ మలుపు తిరిగేసరికి మహబూబ్ బీ వాకిట్లో జనం ఉన్నారు. ఆమె కొడుకు రజాక్, దర్జీ పని చేసే కుర్రవాడు, తలకు రుమాలు కట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మీ పోయింది మొగులన్నా. మధ్యాన్నం నమాజుకు కూసుంది, మల్ల లేవలే."

జనాజాకు మొగులయ్య కూడా భుజం పట్టాడు. ముసలమ్మ ఇంత తేలికా అని అతనికి ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. రేపు ఎవరూ రారు. లేవాల్సిన పనిలేదు. ఆ ఆలోచన ఎంత హాయిగా ఉందో చూసి అతనికే భయమేసింది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు వండి పెట్టాలి. పక్కింట్లో ఆ పిల్లవాడు ఒక్కడే ఉన్నాడు, ఏమీ తిని ఉండడు. మొగులయ్య కాసేపు అలాగే పడి ఉన్నాడు. తర్వాత తనను తాను తిట్టుకుంటూ లేచి, బూడిద కింద నిప్పు వెతికి ఊదాడు. ఖిచిడీ వండి, ఉప్పు చూసి మరీ తీసుకుపోయాడు.

"ఆకలైతలేదన్నా."

"ఐతది. జరంత తిను, బేటా."

"లోపట పెట్టు. పొయ్యి పక్కకున్న కుండ జరుపు. అమ్మీ రోజు నీ తాన నిప్పు తెచ్చి, నీళ్ళు జల్లి ఆ కుండలనే పోస్తుండె. మన పొయ్యి మండుతనే ఉందిగద, ఎందుకమ్మీ అంటే, నీకెందుకు అంటుండె."

మొగులయ్య గిన్నె కింద పెట్టడం మరిచిపోయి నిలబడ్డాడు. కుండ నిండా బొగ్గులు. పైపైన ఉన్నవి ఇంకా తడి ఆరలేదు.