మొదట నడిపేది నేను

గ్రీజు మరక సబ్బుకు లొంగదు. మొగుడు కిరిల్ నీలం పని బట్టల్ని స్నెజానా స్నానాల తొట్టిలో నానబెట్టి, బూడిద చల్లి, బ్రష్షు అరిగేలా తోముతోంది. ఆదివారం పూటా ఈ చాకిరీ ఏమిటని అడిగే దిక్కు లేదు. పైగా అత్తగారు దోన్కా వంటింట్లోంచి ఎప్పటి పాటే అందుకుంది.

"మొగుడు గ్యారేజీలో ఉన్నాడంటే సారా కొట్లో లేడని అర్థం. పెట్టిపుట్టావమ్మాయ్!"

పెట్టిపుట్టకేం! గ్యారేజీలో ఉన్న ఆ పాత మోస్క్‌విచ్ కారు ఆమె నాన్నది. ప్లమ్ తోటల మధ్య మట్టిదారిలో పక్కన కూర్చుని ఆయనే ఆమెకు నడపడం నేర్పాడు. పెళ్ళయ్యాక కిరిల్ "ఒకే ఒరలో రెండు కత్తులా? ఇంటికో డ్రైవరు చాలు" అన్నాడు. అంతే, ఆమె లైసెన్సు బీరువాలో దుప్పట్ల కిందికి పోయింది. నాన్న పోయాక, కొట్టంలో తుప్పుపట్టిపోతున్న బండిని ఒక్క షరతు మీద మొగుడి చేతిలో పెట్టింది. బాగయ్యాక మొదట నేను నడుపుతాను అంది. "అంతకన్నానా! మహారాణిలా నడుపుదువుగాని" అన్నాడతను.

ఏళ్ళు పట్టింది. పొద్దంతా ఫ్యాక్టరీలో చొక్కాలు కుట్టి వచ్చి, సాయంత్రం తలుపులకూ రేకులకూ గరుకు కాగితం రుద్దేది. వేళ్ళు ఎంత నున్నగా అరిగాయంటే, ఫ్యాక్టరీ గేటు దగ్గర వేలిముద్రల యంత్రం ఆమెను గుర్తుపట్టడం మానేసింది. "నువ్వెవరో దీనికి తెలీదట" అని సూపర్‌వైజరు పకపకా నవ్వింది. మరలన్నీ కిరోసిన్‌లో కడిగింది తను. సీట్లకు తొడుగులు కుట్టింది తను. చూడవచ్చిన వాళ్ళతో కిరిల్ మాత్రం "ఒంటిచేత్తో చేశాను బాబూ, ఒక్క నరపురుగు సాయం లేదు" అనేవాడు, ఆమె కలిపి ఇచ్చిన కాఫీ తాగుతూనే. ఒళ్ళు మండిపోయేది. అననీలే, మొదట నడిపేది నేను అనుకునేది. ఆ రోజు కోసమే ఒక్కసారి కూడా డ్రైవరు సీట్లో కూర్చోకుండా ఆ ముచ్చట దాచుకుంది.

ఆ రోజు వచ్చింది. వీధి వీధంతా గేటు దగ్గర చేరింది. ప్రయాణం నీళ్ళలా సాగాలని దోన్కా చక్రాల ముందు కూజాడు నీళ్ళు కుమ్మరించింది. కిరిల్ మాట తప్పే మనిషి కాడు. అందరిముందూ తలుపు తీసి, వంగి, "దయచెయ్యి మహారాణీ" అన్నాడు.

ఆమె కూర్చుని కాలు చాపింది. క్లచ్చుకి చెప్పు కొన మాత్రమే తగిలింది. సీటు జరుపుకుందామని కిందికి చెయ్యి పోనిచ్చి తడిమింది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేదు.

"కిరిల్, సీటు ముందుకు రావడం లేదు."

"రాదు. సీటు జరిగే పట్టాలు తుప్పుపట్టి పొడైపోయాయి కదా, నేలకే వెల్డింగు కొట్టేశాను. నా కాళ్ళకి సరిగ్గా సరిపోయింది."

"మరి నాకు?"

"నీకా?" అతను నిజంగానే నోరు తెరిచాడు. "అరె, అవును కదూ! తట్టనే లేదు సుమా."

"వీపు వెనక దిండు పెట్టుకో వదినా!" అన్నాడు పక్కింటి బోగ్దాన్. అందరూ నవ్వారు. దిండు వచ్చింది. క్లచ్చు తొక్కగానే ఒళ్ళు దిండులోకి కూరుకుపోయి, పాదం జారి, కారు ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ నవ్వులు.

"చాల్లే, ఇంజను పోతుంది. పక్క సీట్లోకి జరుగు" అన్నాడు కిరిల్, ప్రేమగానే.

అతని మొహంలో కుళ్ళు కోసం వెతికింది స్నెజానా. మచ్చుకైనా లేదు. ఉంటే ఎంత బాగుండేది, నోరారా తిట్టుకోడానికి ఓ మనిషి దొరికేవాడు.

అప్పుడు గుర్తొచ్చింది. చలికాలంలో ఓ సాయంత్రం కిరిల్ ఇదే సీట్లో కూర్చుని, హాయిగా కాళ్ళు చాపి, "ఇదిగో, ఇక్కడ. కదలనివ్వకు" అన్నాడు. దిగి మొహానికి వెల్డింగు ముసుగు తగిలించుకున్నాడు. నిప్పురవ్వలు ముంజేతుల్ని చురచురా కాలుస్తున్నా, సీటును రెండు చేతులా అదిమిపట్టుకుంది తనే. వెంట్రుకవాసి కదలనివ్వలేదు. "శభాష్" అంటే పొంగిపోయింది కూడా. తనకూ కాళ్ళున్నాయని ఆ పూట తనకే గుర్తు రాలేదు.