వాగు పొంగని రోజు

పొద్దుటి నుంచీ కుండపోత. కొండ దిగువన వంతెన మీద జనం గొడుగులేసుకుని వాగు వైపే చూస్తున్నారు. వానపడ్డ గంటలోపే ఎర్రగా పొంగి పరుగెత్తే వాగు ఇవాళ మోకాలి లోతు దాటలేదు.

"నీ కందకాలు పనిచేశాయమ్మా! చుక్క పోనివ్వలేదు. ఈ ఏడు బావులు ఎండవు," అన్నాడు పంపు ఆపరేటరు సంబరపడిపోతూ.

నేనూ సంబరపడాలి. కొండవాలుకు అడ్డంగా ఆ కందకాలు తవ్వించడానికి మూడేళ్ళు వీళ్ళందరి ప్రాణాలు తోడేశాను. పరుగెత్తే నీటిని ఆపితే నేలలోకి ఇంకుతుంది, ఇంకిన నీరు బావులకు చేరుతుంది అని పాడిన పాటే పాడాను. ఇప్పుడేమో ఒకటే అనుమానం. ఇంత నీరూ లోపలికే పోతే, లోపల ఎటు పోతున్నట్టు? చివరి కందకం కిందే మా అక్క ఇల్లుంది.

పరుగున వెళ్ళాను. అక్క వంటింట్లో పాతగుడ్డతో నేల తుడుస్తోంది.

"చూడవే, పైకప్పు కారడం లేదు. గోడ మొదట్లోంచి వస్తోంది నీరు. తుడిచేకొద్దీ వస్తోంది," అంది.

వంగి దోసిట్లోకి తీసుకున్నాను. తేటగా ఉంది. నేల మీదుగా పారి వచ్చుంటే ఎర్రగా ఉండేది. ఇది మట్టిలోంచి వడకట్టుకుని వచ్చింది. లోతుకు దిగుతుందనుకున్న నీరు రాతిపలక తగిలి, దాని మీదుగా జారి ఈ గోడ వెనక చేరుతోంది. పెరటి తలుపు లాగి చూశాను. పొద్దున చక్కగా పడిన తలుపేనంది అక్క, ఇప్పుడు గుమ్మంలో పట్టడం లేదు. గోడ కదులుతోంది.

"అక్కా, బయటికి నడు."

"పొయ్యి మీద పాలున్నాయే!"

"ఆ పాల మొహం మండ! నడు!"

రెక్క పుచ్చుకుని ఈడ్చుకొచ్చాను. వాకిట్లో బావ ఎదురయ్యాడు. పార పట్టుకుని పైకి రమ్మన్నాను, కందకం గట్టు కొట్టేయాలన్నాను.

"మతి పోయిందా? ఆ గట్టు మీద కాలు పెడితేనే తిట్టిపోసేదానివి!"

"తర్వాత వెక్కిరిద్దువుగాని బావా, ముందు కొట్టు!"

వాగు వైపున్న కొసను ఇద్దరం తెగ్గొట్టాం. నీళ్ళు ఎర్రగా దూకాయి. వంతెన మీంచి కేకలు వినిపించాయి, నన్నే తిడుతున్నారేమో. తిట్టుకోనీ. కానీ అప్పటికే ఇంకిపోయిన నీటిని ఎవరు వెనక్కి తేగలరు? మేం కిందికి దిగేసరికి, మా ముగ్గురి కళ్ళెదుటే, వంటింటి వెనకగోడ కూలిపోయింది.

బావ మెల్లగా అడిగాడు.

"రాయి ఎంత లోతులో ఉందో అన్నిచోట్లా గుంటలు తవ్వి చూశావుగా. ఇక్కడ చూడలేదా?"

"లేదు," అన్నాను. "పెరట్లో చిక్కుడుపాదులున్నాయి. పాడుచేస్తే అక్క నెలరోజులు దెప్పుతుందని... పక్కన తవ్వింది చాల్లే అనుకున్నాను."

ఏడుపు తన్నుకొచ్చింది. అక్క తిడుతుందనుకున్నాను. ఒక్కటిచ్చుకున్నా బాగుండేది. తడిచేత్తో నా మొహం మీది బురద తుడిచింది.

"అడిగుంటే నేనే పీకేసేదాన్ని కదే," అంది.