కట్టు విప్పాక ఎవర్ని చూసింది?

ఆ ఏడు కంకిపాడు హైస్కూల్లో పదో తరగతి ఆడపిల్లలందరికీ ఒకటే గొడవ. కళ్ళకి ఆపరేషనయ్యాక కట్టు విప్పితే ఆ తల్లి మొదట ఎవర్ని చూసింది? లారీ తోలే పెద్ద కొడుకునా? తన తల్లని తెలియకుండానే ఆపరేషన్ చేసిన డాక్టరు కొడుకునా? విజయవాడ గాంధీనగర్లో జూలై నుంచి ఆడుతున్న సినిమా అది. రెండు వేషాలూ హీరో ఒక్కడే వేశాడు గనక చూసొచ్చిన ప్రతి పిల్లా తనకు తోచినట్టు చెప్పేది, పక్క పిల్ల కాదని ఎగిరేది. మాణిక్యమైతే ఒకటికి రెండుసార్లు చూసొచ్చి, వోణీ చెంగు కళ్ళకి కట్టుకుని బల్లెక్కి ఆ ఘట్టం ఆడి చూపించేది.

చూడంది ఎలిజబెత్ ఒక్కతే.

వాళ్ళ నాన్న లాజరు పక్క పల్లెలో ఉపదేశి. ఫాదర్ గారు నెలకోసారి వచ్చి పూజ చేసి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో గుడి తలుపులు తీసేదీ, జపాలు చెప్పించేదీ, గంట కొట్టేదీ లాజరే. పల్లె మొత్తానికి రేడియో ఉన్నది కూడా వాళ్ళింట్లోనే. అది చాలదూ పిల్ల కొంప ముంచడానికి! బడి తెరిచిన మర్నాడే సోషల్ మాస్టారు ఎలిజబెత్‌ని లేపి, రోజూ ప్రార్థనయ్యాక ప్రపంచ వార్తలు నువ్వే చెప్పాలమ్మాయ్ అన్నాడు. అందరూ సినిమా కబుర్లు తెస్తుంటే ఈ పిల్ల మాత్రం ఎక్కడెక్కడి యుద్ధాలూ వరదలూ మోసుకొచ్చేది. సినిమా సంగతిలో నోరు తెరిస్తే మాణిక్యం ఊరుకునేదా?

"నీకెందుకే ఇది? నువ్వు ఈజిప్టు సంగతి చెప్పుకో ఫో."

ఆ వార్తలకైనా ఇంట్లో విలువుందా అంటే అదీ లేదు. జూలై ఆఖర్లో ఇంగ్లండులో గాజు గొట్టంలో బిడ్డని తయారు చేశారని రేడియోలో విని, పరుగున వచ్చి చెప్పింది. దేవుడి పని మీద ఎకసెక్కాలా అని లాజరు నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు. ఆనక పేపర్లో పడింది. మొట్టికాయ మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మనిషి మంచివాడే పాపం. కూతురు పదిలోకి వచ్చిందని, ఏడాదికి ఒక్క సినిమా, అదీ కుటుంబమంతా కలిసి చూసేదైతే చూపిస్తానని మాటిచ్చాడు. ఈ సినిమాకే అనుకున్నారు. ఆగస్టు రెండో ఆదివారం అని ముహూర్తం కూడా పెట్టారు. సరిగ్గా దానికి ముందు సోమవారం పొద్దున, రోములో పోపు గారు చనిపోయారని రేడియో చెప్పింది. లాజరు కండువా నోటికడ్డం పెట్టుకుని ఏడ్చాడు. వెళ్ళి చావు గంట కొట్టాడు. తొమ్మిది రోజులు పల్లెలో పాట లేదు, పిండివంట లేదు. సినిమా మాటెత్తితే తల్లి మణెమ్మ, "నోర్ముయ్యవే, ఇంట్లో పెద్ద పోయినట్టుంటే" అని కసిరింది.

సరే, నెలాఖరు ఆదివారం అన్నారు. ఆ రోజు ఎలిజబెత్ తలలో కనకాంబరాలు పెట్టుకుంది, బస్సు కోసం ముగ్గురూ రోడ్డు మీద నిలబడే ఉన్నారు. అటునుంచి సైకిలు మీద ఎవరో కేకేసుకుంటూ వచ్చారు. కొత్త పోపు గారిని ఎన్నుకున్నారు, గుడి దగ్గర జనం పోగయ్యారు, ఉపదేశి గారేరీ అని. బస్సు వచ్చింది, వెళ్ళింది. లాజరు చెప్పులు చేతిలో పట్టుకుని గుడికి పరిగెత్తాడు. ఆ రోజంతా కృతజ్ఞతా ప్రార్థనలు, పానకాలు. ఎలిజబెత్ జడలో పూలు జడలోనే వాడిపోయాయి.

"ఆయన్ని ఎన్నుకోడానికి వేరే రోజే దొరకలేదా?" అంది పళ్ళు నూరుతూ.

"అంటే అన్నానంటావు గానీ, నవ్వు ముఖం ఎంత బాగుందంటే! పది కాలాలు ఉంటారు" అన్నాడు లాజరు, పేపర్లో బొమ్మ కత్తిరించి గోడకి అంటిస్తూ.

సెప్టెంబరు ఆఖరుకి పరీక్షలయ్యాయి. దసరాకి కొత్త సినిమా వేస్తారని, హాలుకి సున్నాలు కూడా కొట్టిస్తారని చెప్పుకున్నారు. గోడల మీద పోస్టర్లకి అడ్డంగా 'చివరి రెండు రోజులు' అని కాగితం అతికించారు. ఎలిజబెత్ అన్నం మానేసింది. లాజరు దిగొచ్చి, శుక్రవారం మ్యాట్నీకి వెళ్దాం, ఈసారి ఆకాశం విరిగి పడ్డా ఆగేది లేదన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మణెమ్మ చీర మార్చుకుంటోంది. లాజరు దొడ్లో గడ్డం గీసుకుంటున్నాడు. ఎలిజబెత్ జడ వేసుకుంటూ అలవాటు కొద్దీ రేడియో పెట్టింది. బ్యాటరీలు నీరసించి గొంతు లోపల్నుంచి వస్తోంది. అయినా వినపడింది. చేతిలో రిబ్బను జారిపోయింది.

ఒక్క క్షణం ఆ పిల్ల రేడియో వంకా, వాకిట్లో ఆరేసిన కొత్త పరికిణీ వంకా చూసింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? కానీ వార్తలు చెప్పీ చెప్పీ నోటికి అదే పనైపోయింది.

"నాన్నా! పోపు గారు చనిపోయారంట!"

లాజరు సగం సబ్బుతో లోపలికొచ్చాడు. అప్పటికి రేడియో క్రికెట్టు దగ్గరికి వెళ్ళిపోయింది.

"ఎవరే చనిపోయింది?"

"పోపు గారు. ఇప్పుడే చెప్పారు."

"ఆయన పోయి రెండో నెల కదమ్మా" అన్నాడు జాలిగా. "గంట కొట్టాం, నువ్వు కూడా ఏడ్చావు."

"ఆయన కాదు నాన్నా, ఈయన! నవ్వే ఆయన!"

"ఈయన నిన్నగాక మొన్నేగా గద్దెక్కింది. పాత ఆయనకి ఏదో జ్ఞాపకార్థం చేస్తున్నారేమో, అది చెప్పుంటారు. పాత వార్తలే ఇవి."

"మూడుసార్లు చెప్పాడు నాన్నా!"

"ఏవండీ, దీనికి ఎండదెబ్బ తగిలినట్టుంది" అంది మణెమ్మ. "ఇన్నాళ్ళూ సినిమా సినిమా అని ప్రాణం తీసింది. తీరా బయల్దేరితే పోపు గారిని చంపుతోంది. నడవ్వే, బస్సు పోద్ది!"

ఇంకేం చేస్తుంది? నడిచింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, నిజం చెప్పినా తిట్లేనా అని లోపల్లోపల ఉడికిపోయింది.

అయినా చెప్పొద్దూ, హాల్లో దీపాలారి తెర వెలిగేసరికి అన్నీ మర్చిపోయింది. మాణిక్యం చెప్పినదానికంటే వంద రెట్లు బాగుంది. లారీ స్టాండులో టీ అమ్మే గుడ్డి తల్లిని చూసి మణెమ్మ కొంగంతా తడిపేసింది. లాజరైతే విలన్ని, "నువ్వు నాశనమైపోతావురా" అని పైకే తిట్టాడు.

ఇంటర్వెల్లో వేరుశనక్కాయలు తెస్తానని బయటికెళ్ళినవాడు వట్టి చేతులతో తిరిగొచ్చాడు.

"వన్ టౌన్ వైపు నుంచి చావు గంట వినపడుతోంది" అన్నాడు. "ఆగి ఆగి కొడుతున్నారు. మామూలు వాళ్ళకి అంతసేపు కొట్టరు. కాయలమ్మే అతన్ని అడిగాను. కొత్త పోపు గారేనంట. రాత్రి నిద్రలోనే పోయారంట."

మణెమ్మ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. ఎలిజబెత్ మాత్రం తండ్రి కళ్ళలోకే చూసింది.

"నేను చెప్పానా?"

"చెప్పావు."

"నన్నేమన్నారు?"

లాజరు లేచి నిలబడ్డాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. కూతురు తన ముందున్న కుర్చీని రెండు చేతులతో పట్టుకుని ఉంది, లాగినా వచ్చేటట్టు లేదు. చివరికి కూలబడి జేబులోంచి జపమాల తీశాడు.

"మీరు చూడండి. మాటిచ్చాను గనక లేపను. నేను మాత్రం కళ్ళు తెరవను. జపం చెప్తాను, మీరు చూస్తూనే జవాబులు చెప్పండి."

అట్లా మొదలైంది. తెర మీద కొడుకులిద్దరూ కొట్టుకుంటుంటే ఇక్కడ మంగళవార్త జపం. పాట వచ్చినా జపం ఆగదు. వెనక వరసలో పెద్దమనిషి ముందుకు వంగాడు.

"ఏవండోయ్, ఏంటండీ ఆ గొణుగుడు?"

"పోపు గారు పోయారండీ" అన్నాడు లాజరు కళ్ళు మూసుకునే.

"ఎప్పుడో పోయారుగా!"

"ఆయన కాదండీ, ఇంకో ఆయన."

"మీకు ఎంతమంది ఉన్నారండీ బాబూ?" అని వెనక్కి వాలాడు పెద్దమనిషి.

ఎలిజబెత్ కళ్ళు తెర మీదా, చెవులు తండ్రి మీదా వేసి, నోటికొచ్చినట్టు జవాబులు చెబుతూనే ఉంది. ఆపరేషనయింది. తల్లి మంచం మీద లేచి కూర్చుంది. చెరో పక్కా కొడుకులు. నర్సు కట్టు ఒక్కొక్క చుట్టే విప్పుతోంది. ఎలిజబెత్ కుర్చీ అంచుకొచ్చేసింది. ఆఖరి చుట్టు ఊడింది.

"పితకును, పుత్రునకును..." అన్నాడు లాజరు.

పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాటకి తల వంచడం అలవాటైన పిల్ల. తల దానంతటదే వంగింది. మళ్ళీ ఎత్తేసరికి తెర మీద తల్లీ కొడుకులు ముగ్గురూ ఒకర్నొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. జనం చప్పట్లు కొడుతున్నారు.

తిరుగు బస్సు ఆటోనగర్ దాటేదాకా ఎలిజబెత్ కిటికీ వైపే తిరిగి కూర్చుంది. లాజరు అటు కదిలాడు, ఇటు కదిలాడు. ఉండబట్టలేకపోయాడు.

"అమ్మాయ్, ఇంతకీ ఆ తల్లి మొదట ఎవర్ని చూసిందే?"

"పాత వార్తలు నన్నడక్కు నాన్నా!" అంది ఎలిజబెత్. బస్సులో సగం మంది తిరిగి చూశారు. "నేను తల వంచాను. నువ్వు వంచేటట్టు చేశావు. ఇంక జన్మలో నాకు తెలియదు."

"నేను చూశాను" అంది మణెమ్మ మెల్లిగా.

తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ ఒక్కసారే అటు తిరిగారు.

"నువ్వు తల వంచలేదా?" అన్నాడు లాజరు.

"అంత దూరం వచ్చి అక్కడ వంచుతానా? దేవుడికి తెలుసులెండి."

"ఎవర్ని చూసిందే అమ్మా? చెప్పవే!" ఎలిజబెత్ తల్లి చెయ్యి పట్టుకుని ఊపేసింది.

మణెమ్మ కొంచెం ఆలోచించింది.

"ఇటు పక్కవాడిని చూసింది. అయితే ఇద్దరిదీ ఒకటే ముఖమాయె. ఎవడు లారీవాడో, ఎవడు డాక్టరో నాకేం తెలుసే?"

ఎలిజబెత్ తల్లి చెయ్యి వదిలేసి, తల తీసుకెళ్ళి కిటికీ ఊచలకేసి ఆనించింది.